బరితెగిన మాట

పోయిన నెల మా కార్యాలయానికి ఒక కథ వచ్చింది. చక్కటి దస్తూరీ, పక్కన మార్జిను, కాగితానికి ఒకవైపే రాత. ఇప్పుడలా రాసి పంపేవాళ్ళు లేరు కనుక ముచ్చటపడి ముందు దాన్నే చదివాను. బాగుంది. చదివేకొద్దీ మరీ బాగుంది, ఎందుకంటే తర్వాతి వాక్యం ఏమిటో నాకు ముందే తెలిసిపోతోంది. అనుమానం వచ్చి, బైండు చేయించి పెట్టిన పాత సంచికలు దించి దుమ్ము దులిపాను. పదకొండేళ్ళ కిందట మేమే వేసిన కథ అది. రచయిత పేరు మారింది. కథలో ఊరు మారింది, పెద్దాపురం పోయి మిర్యాలగూడ వచ్చింది. మూడో పేజీలో ఒక్కచోట మాత్రం మార్చడం మరిచిపోయినట్టున్నారు, పెద్దాపురం పెద్దాపురంగానే ఉండిపోయింది.

ఫోను చేశాను. నేనే నీళ్ళు నములుతూ సంగతి చెప్పాను. ఆయన తడుముకోలేదు. "అప్పుడు మీకు నచ్చిందన్నమాట. ఇప్పుడూ నచ్చింది. మరి ఇబ్బందేముందండీ? మంచి కథని మళ్ళీ పాఠకులకి అందించడం పత్రిక ధర్మమే కదా!" అన్నారు. నేను తేరుకునేలోగా, "పారితోషికం చెక్కు పంపుతారా, ఖాతాలో వేస్తారా?" అని కూడా అడిగారు.

ఫోను పెట్టేసి, ప్రూఫులు చూసే అమ్మగారికి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "బరితెగించాడండీ" అన్నారు. మళ్ళీ ప్రూఫులో తలదూర్చి, కాసేపాగి, "ఈ మాట మగాడిమీద వాడి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

ఈ సంపాదకీయం ఆ రెండో మాట పెట్టిన పురుగు.

సిగ్గు విడిచిన ధైర్యానికి తెలుగులో పేర్ల కరువు లేదు. పొగరు, కొవ్వు, బలుపు ఒంటికి పట్టేవి. అందుకే కొవ్వు కరుగుతుందనీ పొగరు దిగుతుందనీ అంటాం, ఏదో వైద్యం ఉన్నట్టు. దబాయింపు, బుకాయింపు నోటి పనులు. గుండెలు తీసిన బంటు అన్నప్పుడు తిట్టులోనే చిటికెడు మెప్పు కలిసి ఉంటుంది. ముఖం మీదికి వచ్చేవి ఇంకొన్ని: ఏ మొహం పెట్టుకుని వచ్చావంటాం, మొహం చెల్లలేదంటాం. సిగ్గు ముఖంలోనే కాపురముంటుందని మన నమ్మకం, మొహమాటం అన్న మాటలోనూ మొహమే ముందుంది. ఇక సిగ్గూ శరం. సిగ్గు మన ఇంటిది, శరం పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చినది. ఒక భాష సిగ్గు చాలక రెండు భాషల సిగ్గూ కలిపి నిలదీస్తాం.

శరం మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. చెరువుగట్ల మీదా మురుగుకాలవల పక్కనా లేత ఊదా పూలతో పెరిగే లొట్టపీసు చెట్టుని హిందీవాళ్ళు బేషరమ్ అంటారు. నరికి పారేస్తే పారేసిన చోటే వేరు పట్టి చిగురిస్తుంది. పశువు మూతి పెట్టదు. మా కథకుడు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా నాకా చెట్టే కనిపిస్తోంది.

బరితెగింపు వీటన్నిటికీ కాస్త ఎడంగా నిలబడే మాట. అందులో ఒళ్ళు లేదు, నోరు లేదు, మొహం లేదు. నేలమీద ఒక గీత ఉంది.

సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో బరి అంటే చంటిపిల్లాడికీ తెలుసు. కొబ్బరితోటలోనో కోతలయిన చేలోనో చదును చేసి, చుట్టూ తాళ్ళు కట్టిన చోటు. కాలికి కత్తి కట్టి పుంజుని దింపేది అక్కడే. కుస్తీకీ బరి ఉంది. ఎన్నికలొస్తే మా పత్రికలవాళ్ళం అభ్యర్థులందర్నీ బరిలోకే దింపుతాం. అందుచేత బరితెగింపు కోడిపందెంలోంచి పుట్టిందని చాలామంది అనుకుంటారు. చెప్పుకోవడానికి ఇంపుగానే ఉంటుంది గాని నాకు మింగుడుపడదు. బరి దాటి పారిపోయిన పుంజు ఓడిన పుంజు. దాని ధైర్యాన్ని ఎవరూ పొగడరు, ఆ రాత్రికి కూర వండుకుంటారు. పందెం లెక్కన బరి దాటడం పిరికితనం కావాలి, మన మాటలో అది మితిమీరిన ధైర్యం.

చెడుగుడు కొంత నయం. గీత దాటి కూత పెడుతూ ఎదుటివాళ్ళలోకి చొరబడటమే అక్కడ ఆట. కాని కూత ఆగేలోగా వెనక్కి వచ్చి గీత ముట్టుకోవాలి. బరితెగించినవాడు తిరిగి వచ్చే బాపతు కాడు.

ఇంకో బరి కూడా ఉంది. బరిబత్తల అంటే ఒంటిమీద నూలుపోగు లేకపోవడం. కన్నడిగులు బరిగాలు అంటే ఉత్త కాళ్ళు. సిగ్గుకీ బట్టకీ చుట్టరికం ఉంది కనుక మన మాటలో ఉన్నది ఈ బరేనేమో అని నేనూ ఒక పూట ఊగిసలాడాను. తెగించు అన్నది దానికి అతకదు. హద్దుకైతే అతుకుతుంది. నిఘంటువులు బరికి చెప్పే హద్దు, ఎల్ల అన్న అర్థాలే ఇక్కడ పట్టుకోవాలి. ఆటలోకి వెళ్ళిన బరి కూడా ఆ హద్దే, గీత పేరు చివరికి గీత లోపలి చోటుకి వచ్చింది.

అసలు పస రెండో సగంలో ఉంది. తెంచు వేరు, తెగించు వేరు. తాడుని తెంచుతాం. తెగించడంలో తాడు మనమే. కట్టిపడేసిన దాన్నుంచి తెగిపోతే ఏమవుతుందో తెలిసీ, కానీ అనుకోవడం తెగింపు. తెగు అన్న ఆ చిన్న క్రియ తెలుగులో ఎన్ని సంసారాలు నడిపిందో లెక్క లేదు. గాలిపటం తెగుతుంది, బేరం తెగుతుంది, అన్నదమ్ముల తగువు మాత్రం తెగదు. తెగువ, తెంపు, తెంపరి, తెగదెంపులు అన్నీ దాని పిల్లలే. పెళ్ళిలో తెగ తిన్నాడన్నప్పుడు ఆ తెగ కూడా అదే, ఇంతవరకే అన్న లెక్క తెగింది మరి.

తెగించినవాడికి తెడ్డే లింగం అని సామెత. లింగపూజ చేయనిదే ముద్ద ముట్టని భక్తుడు ఆకలివేళ లింగం కనబడకపోతే వంటింట్లో తెడ్డుని నిలబెట్టి, నాలుగు నీళ్ళు చల్లి విస్తరి ముందు కూర్చున్నట్టు. ఈ సామెత వెక్కిరింతో మెచ్చుకోలో పుస్తకంలో చూస్తే తెలియదు. చెప్పేవాళ్ళ గొంతు వినాలి. మా నాయనమ్మ దీన్ని తాతయ్య గురించి అంటే తిట్టు, తన గురించి అనుకుంటే గొప్ప.

ఒట్టి తెగింపు మంచిదే. సిపాయి తెగించి పోరాడతాడు. కౌలురైతు తెగించి అప్పు చేసి మిరప వేస్తాడు. వాళ్ళింటి ఆడపిల్ల తెగించి, చదువుకుంటానని పట్నం బస్సెక్కితే మాత్రం ఎక్కణ్ణుంచో ఒక బరి వచ్చి ఆ తెగింపు ముందు చేరుతుంది. గీత అంతకుముందు అక్కడుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పి ఉండరు. కాలు పడ్డాక గీసిన గీత అది.

ఇలా కాలు పడ్డాక గీత గీసిన వ్యవహారం ఒకటి మన సాహిత్యంలోనే ఉంది.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి. రాధికా సాంత్వనం రాసింది. తాను పెంచిన ఇళని రాధ స్వయంగా కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత తానే విరహంతో, కోపంతో దహించుకుపోతే, కృష్ణుడు వచ్చి బతిమాలుకోవడం కథ. అందులో ఆడవాళ్ళు అడుగుతారు, కోరుకుంటారు, అలుగుతారు, ముందుకు వస్తారు. కాని నన్నడిగితే ఆవిడ అసలు తెగువ పీఠికలో ఉంది. కావ్యాల మొదట కవులు తమ వంశం చెప్పుకోవడం మామూలే. ఈవిడ నాయనమ్మ తంజనాయకితో మొదలుపెట్టి తన పాండిత్యం, తన పేరు ప్రతిష్ఠలు మగకవి ఎంత దర్జాగా చెప్పుకుంటాడో అంత దర్జాగా చెప్పుకుంది. కొలువులో ఎవరూ బరి గీయలేదు. 1887లో పైడిపాటి వెంకటనరసు అచ్చు వేయించిన ప్రతిలో ఎగిరిపోయిన భాగాల్లో ఆ పీఠిక ఒకటి. పద్యాల్లో శృంగారం ఎక్కువైందని కొన్ని తీసేశారంటే ఆ కాలపు చాదస్తం అనుకోవచ్చు. పీఠికలో ఏముందని? ఒక మనిషి తన గురించి తాను చెప్పుకోవడం ఉంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారికి ఆ పద్యాలు మింగుడుపడలేదు. ఇటువంటివి స్త్రీ నోట రావడం అటుంచి, స్త్రీ చెవిన పడటానికే తగవన్న ధోరణిలో కవుల చరిత్రలో రాశారు. వితంతువులకి పెళ్ళిళ్ళు చేయించి ఊరంతటి వెలి భరించిన మనిషి ఆయన. ఆయన్నీ లోకం బరితెగించాడనే అని ఉంటుంది. ఒక గీత తొక్కిన మనిషే ఇంకో గీతకి కాపలా కాశాడంటే పంతులుగారి మీద నాకు కోపం రాదు, ఆశ్చర్యం వేస్తుంది.

అప్పుడు వచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో పుట్టిన దేవదాసి, గాయని, సంస్కృతాంధ్రాలు చదువుకున్న మనిషి. ఎగిరిపోయిన భాగాలున్న రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా రాధికా సాంత్వనాన్ని పూర్తిగా ప్రచురించింది. ముందుమాటలో పంతులుగారికి జవాబు చెప్పింది. సిగ్గు అన్నది ఆడవాళ్ళకి మాత్రమే ఉండాల్సిన గుణమా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగింది. తమరు చూసి, పాఠ్యగ్రంథాలుగా ఆమోదించిన కావ్యాల్లో ఇంతకంటే పచ్చి శృంగారం లేదా అనీ అడిగింది. గొంతు పెంచకుండా, పేరూ పుస్తకమూ పట్టుకుని అడిగింది.

జవాబు పోలీసుల రూపంలో వచ్చింది. ముందు మద్రాసులో ఒక తెలుగు పత్రిక గగ్గోలు పెట్టింది. చెప్పుకోవడానికి నామోషీగా ఉంది, నిప్పు పెట్టింది మా వృత్తివాళ్ళే. 1911లో ప్రతుల స్వాధీనం, నిషేధం. దానికి చెప్పిన కారణం అశ్లీలం. వావిళ్ళవారు వేసిన మగకవుల ప్రబంధాలూ ఆ దాడుల్లో చిక్కుకున్నాయి కాని ఈ పుస్తకానికి పట్టిన గ్రహణం మాత్రం ముప్ఫై అయిదేళ్ళు దాటింది. టంగుటూరి ప్రకాశం ప్రధానిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం 1947లో నిషేధం ఎత్తేసింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ పోయింది ఆ ఏడే.

ఆవిడ తొక్కిన గీత అదొక్కటే కాదు. తిరువయ్యారులో పాడుబడ్డ త్యాగరాజు సమాధికి 1920లలో తన సొమ్ముతో గుడి కట్టించింది. కట్టించిన చోటే ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదంటే, ఆడవాళ్ళని కూడగట్టి విడిగా పాటకచేరీ మొదలుపెట్టింది. ఈ రోజు అక్కడ పంచరత్నాలు పాడటానికి బారులు తీరి కూర్చునే ఆడవాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసో.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1925లో, కృష్ణశాస్త్రి కృష్ణపక్షం వచ్చింది. సిగ్గూ వెరపూ పక్కన పెట్టి తన ఇచ్ఛే తనకి దారి అని ప్రకటించుకున్న యువకవి. వెక్కిరించారు, పేరడీలు కట్టారు, జుట్టు మీద జోకులు వేశారు. పోలీసులు రాలేదు. ఆ ప్రకటనే ఇప్పుడు సామెత అయిపోయి, పార్టీ మారిన నాయకుల మీద శీర్షికలు పెట్టడానికి మాకు పనికొస్తోంది. ఇది వింటే ఆయన ఎంత నొచ్చుకునేవారో!

సంస్కృతం దగ్గరికి వెళితే సిగ్గు లేని ధైర్యానికి పేరు ధార్ష్ట్యం. ఆలంకారికులు శృంగార నాయకుల్ని అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నలుగురుగా విడగొట్టారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువున విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయంలోనూ వీళ్ళున్నారు. శఠుడు చాటుగా తప్పు చేస్తాడు. ధృష్టుడికి చాటు అక్కర్లేదు. వేరే ఆమె దగ్గర్నుంచి వచ్చిన గుర్తులు ఒంటిమీద కనబడుతూనే ఉంటాయి, అయినా తొణకడు, బెణకడు. పాపం భరతముని నుంచి ఇటు ఇంతమంది పండితులు కూర్చుని తరగతులు కట్టారు, ధృష్ట నాయకుడు నాయకుడే, ప్రతినాయకుడు కాడు! ద్రుపదుడి కొడుకు పేరులో ఉన్నదీ ఈ ధృష్టమే. ఆయుధం వదిలేసి కూర్చున్న గురువు తల నరికిన ధృష్టద్యుమ్నుడికి పేరు అతికినట్టు కుదిరింది. ఆ ధాతువు ఇక్కడితో ఆగలేదు. ఇంగ్లీషువాళ్ళ డేర్, గ్రీకుల థ్రాసోస్ దీనికి దాయాదులే.

మన దగ్గర ధార్ష్ట్యం నోట్లో నలిగి నలిగి దాష్టీకం అయింది. నలిగేటప్పుడు అర్థమూ చేతులు మారింది. గోటి గుర్తులతో వచ్చి నవ్వుతూ నిలబడ్డ ప్రియుడు పోయి, లాఠీతో వచ్చినవాడూ బుల్డోజరుతో వచ్చినవాడూ మిగిలారు. అధికారంలో ఉన్నవాడు గీత దాటితే దాష్టీకం అంటాం, బరితెగింపు అనడానికి వెనకాడతాం. గీత గీసే చాక్‌పీసు ఉన్నది వాడి చేతిలోనే కనుక, వాడు దాటడమంటూ ఉండదేమో.

అమెరికాలో ఉన్న ఒక పాఠక మిత్రుడికి మా కథ దొంగ సంగతి చెబితే, "దీనికి ఇక్కడ మాట ఉందండీ" అన్నాడు. యూదుల మాట, హుత్స్పా. మొదటి అక్షరం గొంతు గీరుకున్నట్టు పలకాలట. విశాల్ భరద్వాజ్ హైదర్ (2014)లో దాన్ని చ కారంతో పలికించాక మనదేశంలో చాలామందికి అదే ఖాయమైంది. లియో రోస్టన్ 1968లో యిడ్డిష్ మాటల మీద వేసిన పుస్తకంలో దాన్ని వివరించడానికి ఇచ్చిన ఉదాహరణ జగత్ప్రసిద్ధం: తల్లిదండ్రుల్ని చంపి, దిక్కులేని అనాథని దయ చూడమని న్యాయస్థానాన్ని వేడుకున్నవాడు. హీబ్రూలో అది మొదట ఉత్త తిట్టు, పెడసరం, పెద్దంతరం లేకపోవడం. తాల్ముదు పండితులే మళ్ళీ దాన్ని కిరీటమొక్కటే తక్కువైన రాచరికంగా చూశారు, దైవం ముందు కూడా చెల్లుబాటవుతుందన్నారు. యిడ్డిష్ మీదుగా అమెరికా చేరాక అది మెప్పు రంగు పులుముకుంది, వ్యాపారాల పుస్తకాల్లో సుగుణమైంది.

తిట్లు అలా దొరబాబులవడం మనకీ కొత్త కాదు. పూరి జగన్నాథ్ సినిమాల పేర్లు చూడండి: ఇడియట్ (2002), పోకిరి (2006), దేశముదురు (2007), లోఫర్ (2015). మా వీధి అరుగుల మీద ఎవరినైనా ఈ మాటలంటే గొడవలయ్యేవి. ఇప్పుడు కటౌట్ల మీద పాలాభిషేకం. వీటిల్లో ఏ మాటనైనా స్త్రీలింగం చేసి, పేరు మార్చి, హీరోయిన్ బొమ్మ పెద్దదిగా వేసి చూడండి. ఆ పోస్టరు ఏ రకం సినిమాదనుకుంటారో చెప్పక్కర్లేదు.

ప్రూఫుల అమ్మగారికి ఇదంతా చదివి వినిపించాను. "ముద్దుపళని దగ్గర ఒక దీర్ఘం పోయింది" అన్నారు. దిద్దాను. "అసలు కథ రాసినావిడకి చెప్పారా?" అన్నారు. లేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

పాత రిజిస్టరులో నంబరు పట్టుకుని చేశాను. డెబ్బై దాటాయి, కూతురి దగ్గర ఉంటున్నారు. సంగతంతా విని ఆవిడ నవ్వారు.

"పెద్దాపురం తీసి ఏ ఊరు పెట్టాడు బాబూ?"

"మిర్యాలగూడండీ."

"మరి దోసకాయ పప్పు ఉంచాడా తీసేశాడా?"

"ఉందండీ."

"ఉంచితే సరే. మళ్ళీ వేస్తారా?"

వేయలేమని, పాఠకులు ఒప్పుకోరని, నాకు చేతనైనంత మర్యాదగా చెప్పాను.

"పోనీలెండి. చదివారుగా, రెండోసారి కూడా నచ్చిందన్నారుగా. ఆయనకి పంపాల్సిన పారితోషికం ఏదో నాకు పంపించండి. పదకొండేళ్ళ కింద మీరిచ్చింది మూడొందలు. ఇప్పటి రేటు వేసి పంపండి."

నెల వ్యవధిలో రెండోసారి నీళ్ళు నమిలాను. ప్రూఫుల అమ్మగారు తలెత్తకుండానే ఓచరు పుస్తకం నా వైపు జరిపారు.